రోకళ్ళ చుట్టూ ఏడు సార్లు

21 జూన్ 2004

ఈ రోజు వకీలును పెట్టుకున్నాను. మా ఇంట్లో కోర్టు మెట్లెక్కబోయే మొదటి మనిషిని నేనే. బడి మెట్లెక్కిన మొదటి మనిషిని కూడా నేనే కాబట్టి భయం వేయలేదు.

ఖమ్మంలో చెంచురామయ్య గారి ఆఫీసు. గోడల నిండా ఎర్ర అట్టల పుస్తకాలు. వాటిని చూడగానే ధైర్యం వచ్చింది. ఇన్ని పుస్తకాలు చదివిన మనిషికి నా సంగతి అర్థం కాకుండా పోతుందా అనుకున్నాను.

అన్నీ చెప్పాను. పెళ్ళయి పదకొండు నెలలు. ఖానాపురం హవేలిలో కిరాయి ఇల్లు. నా భర్త రూప్‌సింగ్ గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. మూడో నెలలో మొదటిసారి కొట్టాడు. నేను టీచర్ని, బడికి పోతే ఎవరితోనో మాట్లాడతానని పొద్దున్నే బయట తాళం వేసి పోయేవాడు. ఏప్రిల్‌లో హెల్మెట్‌తో మూతి మీద కొట్టాడు. ముందు పన్ను సగం విరిగింది. కిటికీలోంచి పక్కింటావిడను పిలిచి తాళం పగలగొట్టించుకుని మా తండాకు పోయే ఇల్లందు బస్సెక్కాను. బస్సులో కొంగు మూతికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను.

రూప్‌సింగ్ వాళ్ళ తండాలో పంచాయతీ పెట్టారు. అక్కడి నాయక్, అంటే తండా పెద్ద, అతని సొంత చిన్నాన్న. పన్నే గద పోయింది, మొగుడు పోలే గద, పిల్లను తోలియ్యుండ్రి అన్నాడట. మా తండా నాయక్ దేవ్లా తల ఊపి వచ్చాడు. నేనే అందరికీ చెప్పాను, మీ పంచాయతీ నాకొద్దు, చదువుకున్నదాన్ని, కోర్టుకు పోతానని.

చెంచురామయ్య గారు పెళ్ళి ఎట్లా జరిగిందని అడిగారు. మాకు హోమం ఉండదు సార్, రెండు రోకళ్ళు పాతి వాటి చుట్టూ ఏడు సార్లు తిరుగుతాం అన్నాను. ఆయన నవ్వి, ఏడు ఏడే కదమ్మా అని, జూనియర్ వైపు తిరిగి సప్తపది అని రాయవయ్యా అన్నారు. మేం లంబాడీలం, ఎస్టీలం, మాకు వేరే చట్టం ఏమన్నా ఉంటుందా సార్ అని అడిగాను. నువ్వు పిల్లలకు ఎక్కాలు చెప్పుకో తల్లీ, చట్టం నాకొదిలెయ్ అన్నారు. జూనియర్ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక నా నవ్వు గుర్తొస్తే బాగోలేదు. అయినా పని మొదలైంది. అది చాలు.

3 జూలై 2004

విడాకుల పిటిషన్ మీద సంతకాలు. పదహారు చోట్ల. అంతా ఇంగ్లిష్. మొదటి పేజీ సగం చదివేసరికి జూనియర్ పేజీ తిప్పేశాడు. బయట ఇంకా క్లయింట్లు ఉన్నారు మేడమ్ అన్నాడు. చేశాను. మా క్లాసు పిల్లలు చదవకుండా కింద గీత గీస్తే చెవి మెలిపెడతాను.

అమ్మ తోడు వచ్చింది. అద్దాల రవిక, గాగ్రా, మోచేతుల పైదాకా తెల్ల గాజులు. ఆమెకు ఇంకో బట్ట లేదు, ఇష్టమూ లేదు. చెంచురామయ్య గారు ఆమెను పైనుంచి కిందికి చూసి నన్ను పక్కకు పిలిచారు. మనం హిందూ వివాహం అని పిటిషన్ వేస్తున్నాం, ఈ వేషంతో మీ అమ్మ జడ్జి కంట్లో పడితే బాగుండదమ్మా, బయటే కూర్చోబెట్టు అన్నారు.

నాకది సరే అనిపించింది. అమ్మను యాడీ అని పిలిచి, లోపలికి రావద్దట అని చెప్పాను. ఎందుకని అడగలేదు. వకీల్ సాబ్ చెప్పిండు గద అని పోయి మెట్ల కింద కూర్చుంది.

19 ఆగస్టు 2004

వాయిదా.

30 సెప్టెంబర్ 2004, మధ్యాహ్నం

రూప్‌సింగ్ బడికి వచ్చాడు.

మూడో తరగతికి తీసివేతలు చెబుతున్నాను. గుమ్మంలో నిలబడి, నడువు, అన్నాడు. నేను కదల్లేదు. లోపలికి వచ్చి మణికట్టు పట్టుకుని లాగాడు. చాక్‌పీస్ విరిగింది. పిల్లలు అందరూ కోయ గూడెం పిల్లలు, చిన్నవాళ్ళు. ఒక పాప పలక అడ్డం పెట్టుకుని ఏడ్చింది. హెచ్.ఎం. సుకుమార్ సార్ పరుగెత్తుకొచ్చారు. రూప్‌సింగ్ ఆయనతో, నా పెండ్లాం, నా ఇష్టం, నడుమల నీకేంది అన్నాడు. సార్ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేనే బోర్డు స్టాండు పట్టుకుని వదలలేదు. స్టాండుతో సహా గుమ్మం దాకా ఈడ్చాడు. గూడెం ఆడవాళ్ళు కొడవళ్ళతో వచ్చాక పోయాడు.

తర్వాత సార్ చెప్పారు. సరోజా, నాకు చెల్లెలి లెక్క నువ్వు, కానీ మొగుడూపెళ్ళాల మధ్య నేనేం జేస్త? ఏదన్న కాయితం ఉంటే చూపెట్టి పంపిస్త అన్నారు.

1 అక్టోబర్ 2004

ఎస్.ఐ. కూడా అదే మాట. ఇంటి గొడవ. కాగితం తెచ్చుకో.

కాగితం. కాగితం లేనంతకాలం నా చెయ్యి నాది కాదు.

24 జనవరి 2005

వాయిదా. చెంచురామయ్య గారు రాలేదు. జూనియరూ రాలేదు. జవాను నా పేరు మూడుసార్లు పిలిచాడు. నేనే లేచి నిలబడ్డాను. మీ అడ్వకేట్ ఎక్కడ అని జడ్జి గారు అడిగారు. నాకు తెలియదని చెప్పాను. తెలియకపోవడం నా తప్పన్నట్టు చూశారు.

బయటికొస్తే అమ్మ సైకిల్ స్టాండ్ గోడ పక్కన కూర్చుని ఉంది. జొన్న రొట్టె, పచ్చడి. ఎండకు రొట్టె గట్టిపడింది. అయిపోయిందా అని అడిగింది. ఇంకా మొదలే కాలేదన్నాను.

11 ఏప్రిల్ 2005

ఫోన్ చేసి వాయిదా ఎప్పుడని అడిగితే జూనియర్, డైరీ చూసి చెబుతా మేడమ్ అన్నాడు. నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాడు.

మొన్న చెంచురామయ్య గారిని గట్టిగా అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, అమ్మాయీ, చిన్నదానివి, ఒకసారి సర్దుకుపోయి చూడరాదూ, పిల్లలు పుడితే మగాడు మెత్తబడతాడు అన్నారు. నా పన్ను చూపించాను. చూడలేదు. డెంటిస్టులు బాగా కడుతున్నారు ఇప్పుడు అన్నారు.

నా పక్షాన మాట్లాడటానికి నేను పెట్టుకున్న మనిషి ఈయన.

8 నవంబర్ 2005

క్రాస్ ఎగ్జామినేషన్. ఏడాదిన్నర తర్వాత నన్ను మాట్లాడమన్నారు.

రూప్‌సింగ్ తరఫు వకీలు మురళీకృష్ణ. మర్యాదగా మాట్లాడతాడు. హెల్మెట్ గురించి అడుగుతాడని రాత్రంతా సిద్ధమయ్యాను. అడగలేదు. తాళం గురించి అడగలేదు. పెళ్ళిలో అగ్ని ఉందా అని అడిగాడు. లేదన్నాను. మరి దేని చుట్టూ తిరిగారు? రోకళ్ళ చుట్టూ. రోకళ్ళా? అవును, రోకళ్ళు. కోర్టులో వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మీరు ఏ సర్టిఫికెట్ మీద ఉద్యోగం తెచ్చుకున్నారు? ఎస్టీ. మీ తండాలో పెళ్ళిళ్ళు, తగవులు ఎవరు చూస్తారు? నాయక్, పెద్దలు. థాంక్యూ మేడమ్ అని కూర్చున్నాడు.

మొత్తం పది నిమిషాలు. నా పన్ను ఆ పది నిమిషాల్లో లేదు.

బయటికి రాగానే చెంచురామయ్య గారు అందరి ముందూ నా మీద అరిచారు. అగ్ని ఉందని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది, నీ నోటితో నువ్వే చెడగొట్టుకున్నావు అన్నారు. ప్రమాణం చేశాను కదా సార్ అన్నాను. నల్లకోటు భుజం మీద వేసుకుని పోయారు.

9 నవంబర్ 2005

అబద్ధం చెప్పనందుకు తిట్లు తిన్నాను. పిల్లలకు ఈ రోజు నీతి పాఠం చెప్పలేదు. డ్రాయింగ్ వేయించాను.

12 జూలై 2006, సాయంత్రం 6

కొట్టేశారు.

చెల్లదట. లంబాడీలు షెడ్యూల్డ్ తెగ కాబట్టి హిందూ వివాహ చట్టం మాకు వర్తించదట. మా పెళ్ళి మా ఆచారం, మా విడాకులు మా ఆచారమట. తలుపు కొట్టీ కొట్టీ రెండేళ్ళకు లోపలి మనిషి తలుపు తీసి, ఇది మీ ఇల్లు కాదు అన్నట్టుంది.

చెంచురామయ్య గారి వెంట ఆఫీసు దాకా పోయాను. ఈ సంగతి మీకు ముందే తెలుసా సార్ అని అడిగాను. ఆయన దాచలేదు. అదే నా కడుపు మండించింది, దాచాల్సిన విషయమని కూడా అనుకోలేదు. తెలుసమ్మా, అవతలివాళ్ళు ఆ పాయింట్ లేవనెత్తకపోతే గట్టెక్కుతాం కదా అని చూశా, నీ మీద జాలితోనే అన్నారు. నాకెందుకు చెప్పలేదన్నాను. చెబితే నీకేం అర్థమవుతుంది అన్నారు. ఇప్పుడేం చెయ్యాలన్నాను. హైకోర్టుకు పోవచ్చు, లేకపోతే మీ తండా పంచాయతీలోనే చూసుకో, మీవాళ్ళకది అలవాటే కదా అన్నారు.

నా రెండేళ్ళను జూదంలో పెట్టాడు. ఓడిపోయింది నేను. ఆయన కాఫీ తెప్పించుకున్నాడు.

ఇకనుంచి డైరీలో ఆయనకు గారు రాయను.

13 జూలై 2006

ఎదురింటివాళ్ళ టీవీ కూడా నన్ను చూసి నవ్వుతున్నట్టుంది. తలుపు వేసుకున్నాను.

16 జూలై 2006, ఆదివారం

నాన్న నన్ను దేవ్లా నాయక్ దగ్గరికి తీసుకుపోయాడు. నాయక్ మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. విని నాన్న వైపు తిరిగి, ఏంది లాలూ, నీ బిడ్డకు మన పంచాయతీ వాసనొస్తదని గద కోర్టుకు పోయింది, మల్ల ఇప్పుడేంది అన్నాడు. కోర్టు ఇక్కడికే పొమ్మన్నది అన్నాను. నువ్వు పొమ్మంటే పొయ్యేటందుకు, రమ్మంటే వచ్చేటందుకు మేం నీ బడి పిల్లలమా అన్నాడు. అయినా మొగుణ్ణి ఆడది ఇడిసిపెట్టుడు మన దాంట్ల లేదు, మొగోడు ఇడిస్తెనే ఇడుపు అన్నాడు.

అమ్మ గోడవతల నిలబడి ఉంది. ఇంటికి వచ్చి రోలు కడిగింది. అవసరం లేకపోయినా కడిగింది.

కోర్టు తండాకు పొమ్మంటుంది. తండా కోర్టుకు పొమ్మంటుంది. మధ్యలో రూప్‌సింగ్ తీరిగ్గా ఉన్నాడు. అతనికి ఎవరి కాగితమూ అక్కర్లేదు.

22 జూలై 2006

ఖమ్మంలో లా పుస్తకాల షాపుకు పోయి హిందూ వివాహ చట్టం కొన్నాను. సన్నది, నోట్‌బుక్ అంత. షాపు ముందే నిలబడి తెరిచాను.

రెండో పేజీ. సెక్షన్ రెండు, క్లాజు రెండు. షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మూడు వరుసలు. నేను టెన్త్‌లో ఇంతకంటే కష్టమైన ఇంగ్లిష్ చదివాను.

రెండో పేజీలో ఉంది! ఎర్ర అట్టల పుస్తకాల్లో ఎక్కడో లోపల దాగి లేదు. నేను చదవడం వచ్చిన మనిషిని. చదివితే రెండు నిమిషాలు. ఆ గోడలు చూసి, ఆ కోటు చూసి, చదవడం నా పని కాదనుకున్నాను. చెంచురామయ్య మీద కోపంలో సగం నాదే, నాకే చెందుతుంది. ఆ సగం ఎక్కువ మండుతోంది.

5 ఆగస్టు 2006

నా ఒరిజినల్స్ చెంచురామయ్య దగ్గరే ఉన్నాయి. దవాఖానా చీటీ, పెళ్ళి ఫోటో, సర్టిఫికెట్లు. వేరే వకీలును చూసుకుంటానని తెలిసినట్టుంది. జూనియర్ ఊరెళ్ళాడు, బీరువా తాళం అతని దగ్గరుంది అన్నాడు.

12 ఆగస్టు 2006

జూనియర్ ఎదురుగానే ఉన్నాడు. ఈసారి తాళం ఊరెళ్ళింది.

19 ఆగస్టు 2006

ఈ రోజు నోట్‌బుక్కుల కట్ట తీసుకుపోయాను. ఆఫీసు మెట్ల మీద కూర్చుని నాలుగో తరగతి హోమ్‌వర్క్ దిద్దడం మొదలుపెట్టాను. మెట్లెక్కే ప్రతి క్లయింటూ ఏమైందమ్మా అని అడిగారు. ప్రతి ఒక్కరికీ మొదటినుంచీ చెప్పాను, క్లాసులో చెప్పినంత గొంతుతో. రెండో పేజీ తెరిచి చూపించాను. మధిర నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, పద్మావతమ్మ గారట, మనవరాలి కేసు ఇద్దామని వచ్చారు. అంతా విని, పుస్తకం కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, పదవే అని మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయారు.

పదిహేడో నోట్‌బుక్ దగ్గర బీరువా తాళం దొరికింది.

2 సెప్టెంబర్ 2006

కొత్త వకీలు గ్రేస్ మేడమ్. సుకుమార్ సార్ వాళ్ళ చర్చి మనిషి. ఇంట్లో ముందు గదే ఆఫీసు. ఒక టేబుల్, ఒక బెంచీ, ఒక కుర్చీ. పుస్తకాలు తక్కువే కానీ అట్టలు చిరిగి ఉన్నాయి.

కాగితాలన్నీ చదివింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ చదివింది, అరగంట. మధ్యలో ఒకసారి, సప్తపది అని రాసిండా, సిగ్గు లేకుంట, అంది. తర్వాత విడమరిచి చెప్పింది. మీకు విడాకులిచ్చేది మీ పంచాయతీ. కోర్టు చెయ్యగలిగింది ఒక్కటే, ఆ విడుపు చెల్లుతుందని డిక్రీ ఇవ్వడం. దానికి సివిల్ దావా వెయ్యాలి. అప్పుడు రూప్‌సింగ్ అడ్డం తిరుగుతాడు, ఆడది అడిగితే విడుపు ఇచ్చే ఆచారం మాకు లేదంటాడు. ఉందని మనం చూపించాలి. మీ తండాల్లో తనంతట తాను మొగుణ్ణి విడిచిపెట్టిన ఆడమనిషి ఎవరన్నా ఉందా?

లేరు మేడమ్, మా దాంట్లో అట్లాంటివి జరగవు అన్నాను. దేవ్లా నాయక్ మాటే నా నోట్లోంచి వచ్చింది. ఇంకా ఏదో చెప్పబోతుంటే, ఆగు, తోడెవరన్నా వచ్చిన్రా అని అడిగింది. అమ్మ వచ్చింది, బయటుంది అన్నాను. బయటెందుకుంది అని లేచి తనే వెళ్ళి అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చోమంది. అమ్మ కింద కూర్చోబోతే, కుర్చీల కూసో పెద్దమ్మా, నేను బెంచీ మీద కూసుంట అంది. అదే ప్రశ్న అమ్మను అడిగింది. నేను తర్జుమా చెయ్యబోయాను. నువ్వు జర నోర్ముయ్ సరోజా, మీ అమ్మకు తెలుగొస్తది అంది.

అమ్మ గాజులు సర్దుకుంది. నేనున్న అంది.

నాకు అర్థం కాలేదు. మేడమ్‌కు అయింది. పెన్ను తీసింది.

నేనే ఇడిసిన, సరోజ నాయిన కంటె ముందు నాకొకడుండె అంది అమ్మ.

3 సెప్టెంబర్ 2006, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

అమ్మకు పదిహేనేళ్ళప్పుడు జూలూరుపాడు దిక్కు తండాలో పెళ్ళి చేశారు. ఆరు నెలలుండి తిరిగొచ్చేసింది. కొట్టాడా అని మేడమ్ అడిగింది. లేదంది. తాగేవాడా? అందరంత. మరి? నాకు వాడు నచ్చలే అంది అమ్మ. పంచాయతీ కూర్చుంది. మా తండాలోనే, అమ్మ ముత్తాతల కాలం నుంచీ కూర్చునే చోటే. రెండు రోజులు మాట్లాడారు. మేకను కోసుకు తిన్నారు. విడుపు ఇచ్చారు. ఏడాది తర్వాత అదే తండాలో నాన్నను చేసుకుంది.

రెండు రోజులు. ఒక మేక. నాకు వాడు నచ్చలే.

నాకు విరిగిన పన్ను, హెల్మెట్, తాళం, దవాఖానా చీటీ, రెండేళ్ళు.

బస్సులో అమ్మ మీద అరిచాను. కారేపల్లి దాటేదాకా అరిచాను. ఎందుకు చెప్పలేదు, రెండేళ్ళు నా పక్కనే ఉండి ఎందుకు చెప్పలేదు అని. బస్సంతా చూసింది. అమ్మ కిటికీలోంచి చూస్తూ మా భాషలో అన్నది ఇదీ. నువ్వు బళ్ళో చేరిన కాన్నుంచి మన పద్ధతులు అంటేనే మొహం తిప్పుకుంటివి. మీ నాయిన ఆ మాట ఎత్తొద్దన్నడు, చదువుకున్న పిల్ల తలదించుకుంటదని. నాయక్ ఇంటికాడ చెప్దామంటే మీ నాయిన నా దిక్కు జూసిండు. నువ్వేమో లోపలికి రావద్దంటివి. రాలే. బయట కూసోమంటివి. కూసున్న.

రెండేళ్ళలో పంతొమ్మిది వాయిదాలు. ప్రతిసారీ నా సాక్షిని నేనే సైకిల్ స్టాండ్ దగ్గర కూర్చోబెట్టి లోపలికి పోయాను. ఆ బట్టల్లో జడ్జి కంట పడకూడదని.

ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. చెంచురామయ్య అడగలేదు. నేనూ అడగలేదు. నాకు చెంచురామయ్య మీద కోపపడే హక్కు ఎంతుందో ఈ రోజు తెలియడం లేదు. ఉన్నంత మేరకు కోపపడతాను. మిగిలింది నేను మోస్తాను.

24 సెప్టెంబర్ 2006, ఆదివారం

గ్రేస్ మేడమ్ చెప్పినట్టు మళ్ళీ పంచాయతీ అడిగాం, పెద్దలు సరేనన్నారు. రూప్‌సింగ్ తండాకు మూడుసార్లు కబురు పోయింది. మూడుసార్లూ ఎవరూ రాలేదు. ఈ రోజు దేవ్లా నాయక్ ఇంటి ముందు పంచాయతీ.

ఆడవాళ్ళు వెనక నిలబడి వినాలి, మాట్లాడకూడదు. దేవ్లా మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు, ఆడది ఇడుసుడు మన దాంట్ల లేదని. అమ్మ మగవాళ్ళ మధ్యలోంచి నడిచి ముందుకొచ్చింది. నాన్న కొంగు పట్టుకోబోయాడు. అందలేదు.

అమ్మ అంది, ఏం నాయక్, మీ నాయిన గిదే జాగల గిదే మంచం మీద కూసోని నాకు ఇడుపిచ్చిండు గద, మర్సినవా? దేవ్లా దగ్గాడు. గా ముచ్చట పాతది అన్నాడు. పాతదే, నీకప్పుడు పదేండ్లు, మేక కార్జం నాకే కావాలని మట్టిల పొర్లి ఏడిసినవ్, నేనే ఏంచి పెట్టిన, తిన్నవ్, నా ఇడుపు కార్జం తిని ఇయ్యాల నా బిడ్డకు ఇడుపు లేదంటవా అంది.

ముందు ముసలివాళ్ళు నవ్వారు. తర్వాత ఆడవాళ్ళు నవ్వారు. దేవ్లా చుట్ట ఆరిపోయింది. చివరికి అతనూ నవ్వాడు, వేరే దారి లేక.

చీకటి పడకముందే విడుపు ఇచ్చారు. పంచాయతీ మాటను కాగితం మీద పెట్టడం మా తండాలో ఇదే మొదలు. నేనే రాశాను. రాసి, పెద్దలకు రెండుసార్లు చదివి వినిపించాను. అర్థమైందంటేనే వేలిముద్రలు వేయించాను.

11 డిసెంబర్ 2006

రూప్‌సింగ్ మళ్ళీ బడికి వచ్చాడు. పంచాయతీ కాగితం చూపించాను. ఆడది రాసుకున్న కాయితం ఆడదానికే పనికొస్తది అని ముక్కలు చేసి ఉఫ్‌మని ఊదాడు. జిరాక్సు అది. గ్రేస్ మేడమ్ ముందే చెప్పింది, ఒరిజినల్ చూపించొద్దని.

22 జనవరి 2007

దావా వేశాం. వేసేముందు ప్రతి పేజీ చదివాను. ఒకచోట తారీకు తప్పుంటే దిద్దించాను. మేడమ్ థాంక్స్ అంది. వకీలు నాకు థాంక్స్ చెప్పింది!

18 మార్చి 2008

అమ్మ సాక్ష్యం.

ఏం కట్టుకోవాలని అడిగింది. ఎప్పుడూ కట్టుకునేవే అన్నాను. బోనెక్కుతుంటే గాజులు గలగలమన్నాయి. జవాను చప్పుడు చెయ్యొద్దు అన్నాడు. గాజులకు చెప్పు అంది అమ్మ.

గుమస్తా మామూలుగా రాసుకుంటూ పేరు, వయసు, భర్త పేరు అడిగాడు. భర్త పేరు దగ్గర అమ్మ ఆగిపోయింది. మళ్ళీ అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. అమ్మ నోటి వెంట నాన్న పేరు నేను పుట్టినప్పటి నుంచీ వినలేదు. మా దాంట్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. రేషన్ షాపులో కూడా పక్కనున్నవాళ్ళ చేత చెప్పిస్తుంది. గ్రేస్ మేడమ్ లేచి సంగతి వివరించింది. జడ్జి గారు రేషన్ కార్డు చూసి రాసుకోమన్నారు. గుమస్తా లాలు అని చదివితే అమ్మ తల ఊపి కొంగు సర్దుకుంది.

మేడమ్ అడిగినవన్నీ చెప్పింది. జూలూరుపాడు, ఆరు నెలలు, పంచాయతీ, మేక. తర్వాత మురళీకృష్ణ లేచాడు. అదే మర్యాద. ఇదంతా కూతురి కోసం కట్టిన కథ, మీకు ఆ మొదటి పెళ్ళే కాలేదు, విడుపూ జరగలేదు అన్నాడు. అమ్మ కాదంది. మరి ఆ మొదటి భర్త పేరేమిటో చెప్పండి అన్నాడు. అని జడ్జి గారి వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. మొగుడి పేరు చెప్పరట కదా, చూద్దాం, అన్నట్టు.

బద్యా, అంది అమ్మ.

కోర్టు మొత్తానికీ వినపడేలా అంది. మురళీకృష్ణ నవ్వు అట్లాగే ఉండిపోయింది. అమ్మ ఆగలేదు. బద్యా, గుగులోత్ బద్యా, నల్లగుంటడు, కుడి కాలు జర కుంటుతడు, బద్యా అంటె అక్కడ ఎవలైన చెప్తరు, ఉన్నడో పోయిండో నాకెర్క లేదు అంది.

జడ్జి గారు పెన్ను ఆపారు. ఆయనే అడిగారు, ఒకతని పేరు చెప్పలేదు, ఇంకొకతని పేరు ఇంత ధారాళంగా ఎందుకు చెబుతున్నావమ్మా అని.

అమ్మ ఆయన్ను జాలిగా చూసింది. ఇంత పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు. ఇంట్ల ఉన్నోడు నా మొగడు సాబ్, ఆయన పేరెట్లంట? బద్యా నాకేమైతడు? పంచాయతీల ఇడుపయినంక వాడు ఊళ్ళె మనిషి. ఇడుపు గాకపోతే నా నోట్లకెల్లి వాని పేరు ఎల్తదా? చంపినా ఎల్లదు అంది.

జడ్జి గారు ఇంకోసారి చెప్పించుకుని తన చేత్తో తనే రాసుకున్నారు. మురళీకృష్ణ ఇంకో రెండు కాగితాలు తిరగేసి, నో ఫర్దర్ క్వశ్చన్స్ అన్నాడు.

గ్రేస్ మేడమ్ బయటికొచ్చి గోడకు ఆనుకుని నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు. అమ్మ బోనులో ఉన్నది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు 2004లో కూడా ఆమె దగ్గర ఉన్నాయి.

27 జూన్ 2008

డిక్రీ వచ్చింది. విడుపు చెల్లుతుంది. ఒక కాపీ సుకుమార్ సార్‌కు ఇచ్చాను, ఒకటి ఎస్.ఐ.కి.

సాయంత్రం అమ్మకు చదివి వినిపించాను. విని, గా మొదటి వకీల్ సాబ్ పేరేంది అని అడిగింది. ఇన్నేళ్ళూ వకీల్ సాబ్ అనే అన్నది తప్ప పేరు తెలియదు. చెప్పాను.

వాకిట్లోకి పోయి, ఖమ్మం వైపు తిరిగి, గొంతెత్తి చెంచురామయ్యా అని అరిచింది. మూడుసార్లు. కుక్కలు మొరిగాయి.

లోపలికొచ్చి నీళ్ళు తాగింది.